లేచొచ్చిన ఫిర్యాదులు

చిన్నకోడలు తలుపు తీయలేదు.

అత్తగారు మళ్ళీ ఒకసారి తట్టి, తలుపుకు చెవి ఆనించి విని, విసుగ్గా వెనక్కి తిరిగింది.

"లోపల ఫ్యాను తిరుగుతోంది. మనిషి మాత్రం ఉలకదు, పలకదు. ఆఫీసునుంచి వచ్చింది వచ్చినట్టే గదిలో దూరింది. ఏం జరిగిందో నాకెవరైనా చెబుతారా, లేకపోతే ఈ ఇంట్లో నేనేమన్నా అద్దెకుంటున్నానా?"

ఆ ప్రశ్న వంటగదిలో ఉన్న పెద్దకోడలి వీపుకు తగిలింది. ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి, ఎప్పుడో ఉడికిపోయిన కూరను ఇంకా కలుపుతూనే ఉంది.

"ఆఫీసులో గొడవైందత్తయ్యా. ఫిర్యాదుల పెట్టె పాడైంది."

"పెట్టె పాడైతే ఇది మంచం ఎక్కడమెందుకు?"

"పాడుచేసింది తనే కాబట్టి."

అనేసింది. అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. జాలి ఉండాల్సిన చోట అందులో ఇంకేదో ఉంది. అత్తగారు పట్టుకోలేకపోయింది గానీ మన దగ్గర దాచడమెందుకు, పెద్దకోడలు ఆ సాయంత్రం సంతోషంగా ఉంది. ఎన్నో నెలల తర్వాత ఆవిడకు ఆ పూట కడుపులో మంట లేదు.

అసూయ అనే మాట ఆవిడకు గిట్టదు. ఎవరైనా ఆ మాటంటే ఒంటికాలి మీద లేస్తుంది. తనది బాధ అంటుంది, తనకు జరిగింది అన్యాయం అంటుంది, ఇంకా గుచ్చిగుచ్చి అడిగితే తలనొప్పి అంటుంది. పేరేదైతేనేం, ఆఫీసులో చిన్నకోడలి కుర్చీ కిటికీ పక్కకు మారిన రోజున అది మొదలైంది.

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో పెద్దకోడలిని అందరూ పోస్టుమాస్టరమ్మ అంటారు. కంపెనీ మెయిలు, సెలవు దరఖాస్తులు, ఏ పనిముట్టు ఎవరి దగ్గరుందో ఆ వివరాలు, అన్నిటికీ మించి లిఫ్టు ఫిర్యాదులు, ఇవన్నీ ఒకే పాత సాఫ్ట్‌వేరు మీద నడుస్తాయి. దాన్ని చూసుకునేది ఆవిడ. పెళ్ళైన కొత్తలో చేరి, ఎవరూ నేర్పకుండా తనే తంటాలు పడి నేర్చుకుని, అందులోనే ఫిర్యాదుల పెట్టెను తన చేతుల్తో కట్టుకుంది.

ఆ సాఫ్ట్‌వేరు చరిత్ర కూడా తక్కువేం కాదు. చిన్న ఇంట పుట్టి, పెద్ద కంపెనీ పంచన చేరి, ఒకప్పుడు ఎన్నో దేశాల ఆఫీసుల్లో అదే రాజ్యమేలింది. తర్వాత కొత్తకొత్తవి వచ్చాయి. "మీ ముసలిది ఇంకా ఉందా?" అని తెలిసినవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఆఖరికి ఆ పెద్ద కంపెనీ దాన్ని ఇంకొకరికి అమ్మేసిందని తెలిసిన రోజు పెద్దకోడలికి భోజనం సహించలేదు. కానీ కొన్నవాళ్ళు దాన్ని మూలన పడేయలేదు. కొత్త వెర్షన్లు తెచ్చారు, మొహం మార్చారు, ఫోనులో కూడా తెరుచుకునేట్టు చేశారు. కొత్త యజమాని పేరుతో మొదటి వెర్షన్ వచ్చినప్పుడు ఆవిడ ఆఫీసంతటికీ టీ తెప్పించింది. ముసలిది చచ్చిందన్నవాళ్ళకు గ్లాసు స్వయంగా అందించింది.

అది బతికింది గానీ మేనేజరు మనసు మారింది. "అందరూ వాడేదే మనమూ వాడదాం" అన్నాడు. మెయిలూ ఫిర్యాదులూ అన్నీ కొత్తదాంట్లోకి మార్చే పని చిన్నకోడలికి అప్పజెప్పాడు. ఆ చిన్నకోడలిని, అత్తగారు వద్దంటున్నా వినకుండా, చేయి పట్టుకుని తీసుకెళ్ళి ఆ ఆఫీసులో చేర్పించింది ఎవరనుకున్నారు? పెద్దకోడలే.

అప్పట్నుంచి ఎవరేమడిగినా "చిన్న మేడమ్‌ని అడగండి" అనడం మొదలైంది. ఓర్చుకుంది. చిన్నకోడలు మెకానిక్కులను కూర్చోబెట్టి కొత్తది నేర్పుతుంటే ఆ గదిలోంచి నవ్వులు వినిపించేవి. అదీ ఓర్చుకుంది. ఒకరోజు భోజనాల దగ్గర తన మొగుడు, అదే కంపెనీలో సీనియర్ మెకానిక్కు, ఎవర్నీ ఒక పట్టాన మెచ్చుకోని మనిషి, "ఆ అమ్మాయి చెబితే ఇట్టే బుర్రకెక్కుతుంది" అన్నాడు. అది మాత్రం ఓర్చుకోలేకపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో తను చెప్పింది బుర్రకెక్కిందని ఆయన ఒక్కనాడైనా అన్నాడా?

ఇక నిన్నటి సంగతి.

నిన్న డాబా మీద ఇద్దరూ బట్టలు ఆరేస్తున్నారు. చిన్నకోడలు దుప్పటి రెండో కొస పట్టుకుని అడిగింది.

"అక్కా, మూసేసిన బ్రాంచి తాలూకు పాత సర్వరు మన స్టోర్‌రూములో పడుంది కదా. రేపు పొద్దున్నే దాన్ని ఆన్ చేసి మనదానికి కలిపేద్దామనుకుంటున్నా. పాత రికార్డంతా ఒకచోటికి వచ్చేస్తుంది. తర్వాత మొత్తం ఒకేసారి కొత్తదాంట్లోకి మార్చేయొచ్చు. ఏం పరవాలేదుగా?"

చాలా పరవా ఉంది. ఆ సాఫ్ట్‌వేరు పద్ధతే అలాంటిది. ఒక్కో బ్రాంచిలో ఫిర్యాదుల పెట్టె నకలు ఒకటి ఉంటుంది. నకళ్ళన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుని సమానమైపోతాయి. ఒకచోట పాత ఫిర్యాదును తీసేస్తే, ఇది పోయింది అని చిన్న గుర్తు మిగులుతుంది. ఆ గుర్తు చూసి మిగతా నకళ్ళు కూడా దాన్ని తీసేస్తాయి. కొన్నాళ్ళకు ఆ గుర్తులు కూడా చెరిగిపోతాయి. ఇక అప్పుడు, ఏళ్ళ తరబడి నిద్రపోయిన నకలు ఒకటి లేచి వచ్చిందనుకోండి, ఏవేవి పోయాయో దానికి చెప్పే దిక్కు ఉండదు. మీ దగ్గర లేనివి నా దగ్గరున్నాయి, తీసుకోండి అని పాతవన్నీ అందరికీ పంచిపెడుతుంది. ఎప్పుడో ముగిసిపోయిన ఫిర్యాదులు మళ్ళీ ప్రాణంతో కూర్చుంటాయి. ఆ పనిలో ఉన్నవాళ్ళు దాన్ని దెయ్యాలు లేవడం అంటారు. పాత నకలును చస్తే కలపరు.

చిన్నకోడలు కొత్తదాంట్లో ఎంత చురుకైనా, పాతదాని ఈ గుణం తెలియదు. తెలిసిన మనిషి ఎదురుగా ఉంది కాబట్టే అడిగింది.

చెబుదామని మాట నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే చిన్నకోడలు నవ్వుతూ, "ఇది కూడా అయిపోతే మేనేజరుగారు నన్ను పై ఆఫీసు మీటింగుకి తీసుకెళ్తానన్నారక్కా" అంది.

"నీ ఇష్టం," అంది పెద్దకోడలు, దుప్పటికి క్లిప్పు పెడుతూ.

ఈ పొద్దున దెయ్యాలు లేచాయి. ఎన్నడో బాగుచేసిన లిఫ్టులు, చేతులు మారిన భవనాలు, ఆఖరికి కూల్చేసిన భవనాలు కూడా లిఫ్టు ఆగిపోయిందంటూ మెకానిక్కుల ఫోన్లలోకి వచ్చిపడ్డాయి. పాత ఫిర్యాదు పైన, కొత్త ఫిర్యాదు కింద. ఆ వరస పెట్టింది పెద్దకోడలే, ఎవరి ఫిర్యాదూ మూలన పడి ఉండకూడదని. మెకానిక్కులు పైనుంచి మొదలుపెట్టి ఊరంతా పరిగెత్తారు.

ఆవిడ తన కుర్చీలో కూర్చుని చూసింది. లేచి వెళ్ళి ఆ పాత సర్వరు తీగ పీకితే సగం ఆగిపోయేది. లేవలేదు. మేనేజరే తన దగ్గరికి నడిచి రావాలనుకుంది. చిన్న మేడమ్‌తో కాలేదు, మీరే దిక్కు అని అందరూ వినేట్టు అడగాలనుకుంది. ఆయన వచ్చాడు, అడిగాడు. ఆవిడ లేచి వెళ్ళి తీగ పీకేసింది, లేచొచ్చినవాటిని ఒక్కొక్క గుంపుగా ఏరి పారేసింది. కాకపోతే, ఆయన రావడానికి చాలాసేపు పట్టింది.

ఆ చాలాసేపట్లో ఏం జరిగిందో ఆవిడకు ఇంకా తెలియదు.

పెద్దకొడుకు ఇంటికి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. పనిముట్ల సంచి గుమ్మంలోనే దింపి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"చేతులు కడుక్కోండి, వడ్డిస్తాను," అంది పెద్దకోడలు.

"ఆకలి లేదు."

"నువ్వైనా చెప్పరా ఏమైందో," అంది అత్తగారు. "ఒకర్తి గది గడియ వేసుకుంది, ఒకర్తి గరిటె వదలదు."

"ఒక పాప లిఫ్టులో ఇరుక్కుపోయిందమ్మా. రెండు అంతస్తుల మధ్య. బడికి వెళ్ళే పిల్ల. వాచ్‌మన్ వెంటనే ఫోను చేశాడు, ఫిర్యాదు కూడా ఎక్కించారు. అది జాబితాలో అట్టడుక్కి పోయింది. మేమంతా లేని లిఫ్టుల వెంట తిరుగుతున్నాం."

"అయ్యో తల్లి."

"నేను వెళ్ళేసరికి తలుపు సందులోంచి వాళ్ళమ్మ వేలు పట్టుకుని కూర్చుంది. తీశాను. దెబ్బలేం తగల్లేదు." మెడ తుడుచుకున్నాడు. "బట్టలు తడుపుకుంది. ఎవరికైనా చెప్పేస్తానేమోనని నన్ను చూసి ఏడ్చింది."

పెద్దకోడలు పొయ్యి కట్టేసింది.

"చాలాసేపు ఉందా లోపల?"

"చాలాసేపే ఉంది. నువ్వే ఆపావటగా ఆ గోలని. అందరూ చెప్పుకుంటున్నారు. మంచి పని చేశావు." ఆయన కళ్ళు మూసుకున్నాడు. "నిన్ను ఇంకాస్త ముందు పిలిచుంటే బాగుండేది."

ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మెచ్చుకోలు అది. గొంతు దిగలేదు.

అత్తగారికి మాత్రం దారి దొరికింది. మూసిన తలుపు వైపు తిరిగి, లోపలికి వినబడేట్టు మొదలుపెట్టింది. "ఇంటికి ఒకర్తి ఆఫీసుకి పోతే చాలదా అని ఆనాడే మొత్తుకున్నాను. విన్నారా? పెద్దదానికైతే ఒళ్ళు దగ్గరుంది, ఎన్నేళ్ళుగా చేస్తోంది, ఒక్కనాడైనా ఇంటికి ఇలాంటి మాట తెచ్చిందా? దీనికి అన్నీ తొందరే."

"అమ్మా, ఊరుకో," అన్నాడు పెద్దకొడుకు.

"నేను ఊరుకుంటాను. ఆ పిల్ల తల్లి ఊరుకోవాలి కదా."

పెద్దకోడలు ఒక్క మాట కూడా అడ్డు పడలేదు. మామూలు రోజుల్లో అయితే తోడికోడలి తరఫున అత్తగారితో దెబ్బలాడేది. ఈ రోజు పళ్ళేలు తుడుస్తూ, అత్తగారి ప్రతి మాటా వింటూ నిలబడింది. మొదట్లో ఆ మాటలు తియ్యగానే ఉన్నాయి. "పెద్దదానికైతే ఒళ్ళు దగ్గరుంది" అన్న దగ్గర మాత్రం చేతిలో గుడ్డ ఆగిపోయింది.

ఇంతలో చిన్నకొడుకు వచ్చాడు. లెక్కల మాస్టారు. పాఠం చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయినా ప్రశ్నలు వెయ్యడం మానడు. మూసిన తలుపు ఆయనకు తెరుచుకుంది. కాసేపటికి బయటికి వచ్చి, సూటిగా వంటగదిలోకి నడిచాడు.

"వదినా, ఒకటడుగుతాను."

"అడుగు."

"నిన్న డాబా మీద మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారు?"

"బట్టల గురించి."

"బట్టల గురించేనా?"

"నన్నెందుకు నిలదీస్తావు, నీ పెళ్ళాన్ని అడగకపోయావా?"

"అడిగాను," అన్నాడు చిన్నకొడుకు. "తనూ బట్టల గురించే అంది."

వదినా మరిదీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నకొడుకు మంచినీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి వెళ్ళిపోయాడు. లెక్క తేలలేదని తెలిసిన మాస్టారి నడకే నడిచాడు.

భోజనాలకు చిన్నకోడలు తనంతట తనే బయటికి వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. అత్తగారు మొహం తిప్పుకుంది. ఎవరూ పలకరించలేదు. పెద్దకోడలు వడ్డిస్తుంటే పళ్ళెం చాపింది, ఎప్పటిలాగే.

"ఆ పాప ఎలా ఉంది బావగారూ?"

"ఇంటికెళ్ళింది. బాగానే ఉంటుందిలే."

"తప్పు నాదే," అంది చిన్నకోడలు. తల వంచుకునే ఉంది, గొంతు మాత్రం వణకలేదు. "ఎవర్నీ అడక్కుండా చేశాను. అక్కనైనా అడిగుండాల్సింది."

పెద్దకోడలి చేతిలో గరిటె గిన్నె అంచుకు తగిలి టంగుమంది.

ఎదురు తిరుగుతుందనుకుంది. నిన్ను అడిగానా లేదా అని అందరి ముందూ నిలదీస్తుందనుకుంది. దానికి రోజంతా జవాబులు సిద్ధం చేసుకుంది. నీ ఇష్టం అన్నానే గానీ చెయ్యమన్నానా? పెద్ద చదువు చదివినదానివి, ఆమాత్రం తెలియదా? అంత పెద్ద పనికి బట్టలారేసేటప్పుడా అడిగేది? ఒక్కటీ ఖర్చు కాలేదు. అన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

హమ్మయ్య అనుకోవాలి కదా. అనుకోలేదు. ఒళ్ళు మండిపోయింది. ఈ మహాతల్లి తప్పు చేసినప్పుడు కూడా తనకంటే ఒక మెట్టు పైనే నిలబడుతుందా?

భోజనాలయ్యాక ఇద్దరే మిగిలారు. పెద్దకోడలు గిన్నెలు కడుగుతోంది, చిన్నకోడలు తుడిచి సర్దుతోంది.

"నేను చూసుకుంటాలే. వెళ్ళి పడుకో."

"ఫరవాలేదక్కా."

పెద్దకోడలు కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

"రేపు ఆఫీసుకి వస్తున్నావా?"

"రమ్మన్నారు."

"ఏమంటారో."

"ఏమన్నా పడాలి కదా."

తిట్టినా బాగుండేది. గిన్నె విసిరికొట్టినా బాగుండేది. చిన్నకోడలు చేతులు తుడుచుకుని, గుడ్డ ఆరేసి, పడుకుంటానక్కా అని రోజూ చెప్పినట్టే చెప్పి తన గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు ఈసారి మూసింది గానీ గడియ వేసుకోలేదు.

మర్నాడు ఒకే బస్సులో వెళ్ళారు. పక్క సీటు ఖాళీగానే ఉంది. చిన్నకోడలు కమ్మీ పట్టుకుని నిలబడింది. కూర్చోమని పెద్దకోడలు అనలేదు.

మేనేజరు పోస్టుమాస్టరమ్మను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. అది అద్దాల గది. బయట బెంచీ మీద ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చున్న చిన్నకోడలు లోపలికి కనిపిస్తూనే ఉంది.

"నిన్న మీరు లేకపోతే మునిగిపోయేవాళ్ళం," అన్నాడాయన. "పై ఆఫీసువాళ్ళు కూడా అదే అన్నారు. ఈ మార్పిడి పని ఇక మీరే చూసుకోండి. తొందరేం లేదు. పాతది ఎన్నాళ్ళు నడవాలో, ఎప్పుడు ఆపాలో మీరే చెప్పండి. మీటింగుకి కూడా మీరే వద్దురుగాని."

కోరుకున్నవన్నీ ఆయన ఒక్క ఊపున చెప్పేశాడు. పెద్దకోడలు కొంగు సర్దుకుని కూర్చుంది. మొహం మీదికి నవ్వు రాకుండా ఆపుకోవడానికి కష్టపడింది. బయట బెంచీ మీద మనిషి ఇటు చూస్తే బాగుండును అనుకుంది.

"నిజం చెప్పాలంటే ఈ ఆలోచన నాది కాదమ్మా," అన్నాడు మేనేజరు. "మీ తోడికోడలిదే. పొద్దున్నే ఫోను చేసింది. ఎవర్నీ అడక్కుండా చేశాను, తప్పంతా నాదే, పని మా అక్కకి ఇవ్వండి, ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు అంది. ఈ రోజుల్లో అలా ఒప్పుకునేవాళ్ళెవరు? అందుకే ఉద్యోగం తీసెయ్యకుండా ఇంకో విభాగంలో వేద్దామనుకుంటున్నా."

పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది.

తను గెలుచుకున్నానని మురిసిపోతున్న కుర్చీ, చిన్నది లేచి నిలబడి ఇచ్చిన కుర్చీ. రేపటినుంచి అందులో కూర్చున్నప్పుడల్లా ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆఫీసులో చురుకైంది అదే, ఇంట్లో ఓర్పున్నది అదే, ఇప్పుడు మంచిది కూడా అదేనా? తనకంటూ ఏం మిగిల్చింది? పనిని లాక్కున్నప్పుడు ఇంత మండలేదు. తిరిగి ఇచ్చినందుకు మండింది.

"అది నన్ను అడిగింది," అంది పెద్దకోడలు.

"ఎవరు?"

"మా చెల్లెలు. ముందురోజే అడిగింది. కలిపితే ఇలా అవుతుందని నాకు తెలుసు. చెప్పలేదు."

మేనేజరు చేతిలో కలం బల్ల మీద పెట్టాడు.

"నిన్న పొద్దున కూడా, మొదటి పాత ఫిర్యాదు కనపడగానే నాకు అర్థమైంది. మీరు వచ్చి అడిగేదాకా లేవలేదు."

"ఎందుకమ్మా?"

ఏ పేరు పెట్టాలో ఆవిడకు ఒక్క క్షణం తోచలేదు. బాధ అనబోయింది. తలనొప్పి అనబోయింది.

"ఓర్చుకోలేకపోయాను," అంది.

"అక్కడ ఒక పసిపిల్ల ఇరుక్కుంది. తెలుసా మీకు?"

"తెలుసండీ. తీసింది మా ఆయనే."

మేనేజరు ఫోను దగ్గరికి లాక్కున్నాడు. "బయట కూర్చోండి. పైవాళ్ళతో మాట్లాడాలి."

పెద్దకోడలు వచ్చి బెంచీ మీద కూర్చుంది. చిన్నకోడలు సంచి ఇటు జరిపి చోటిచ్చింది.

"పని నీకే ఇచ్చారు కదక్కా?"

"ఇచ్చారు. నేను జరిగింది చెప్పేశాను."

"ఏం జరిగింది?"

"నువ్వు అడిగావని. నాకు తెలుసని."

నడవాలో ఎవరో కాగితాలు పట్టుకుని వెళ్ళారు, వీళ్ళిద్దర్నీ చూసి నడక వేగం పెంచారు.

"ఎందుకు చెప్పావు?"

ఆ పాప కోసం అనొచ్చు. నీ కోసం అనొచ్చు. రెండూ వినడానికి బాగుండేవే. అబద్ధం ఆడటానికి మాత్రం ఆవిడకు ఆ పూట ఓపిక లేదు.

"నీ దయ మీద ఆ కుర్చీలో కూర్చోలేను."

"అంతేనా?"

"అంతే."

"ఆ పాప గుర్తొచ్చి కాదు."

పెద్దకోడలు నేల చూసింది.

"నా మీద జాలేసి కూడా కాదు. అంటే ఇదీ నాతో పోటీయేనన్నమాట."

"నువ్వు మాత్రం?" అంది పెద్దకోడలు. దాచుకున్న కోపమంతా అప్పుడు బయటికి వచ్చింది. "నువ్వెందుకు దాచావు? నన్ను కాపాడి, అందరి దగ్గరా గొప్పదానివి అనిపించుకుందామనే కదా? నేను జీవితాంతం నీ ముందు తల వంచుకుని తిరగాలనే కదా?"

"నిన్ను కాపాడాలని కాదక్కా." చిన్నకోడలు గొంతు పెంచలేదు. "సాయంత్రానికి నేను ఆ ఇంటికే వెళ్ళాలి. నీ మీద చెప్పి, మళ్ళీ నువ్వు వడ్డిస్తే ఎలా తినను? బావగారి మొహం ఎలా చూడను? అత్తయ్య ఇద్దర్లో ఎవర్ని తిడుతుందా అని రోజూ చెవులు రిక్కించుకుని బతకాలా? నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియకపోతే ఎలాగోలా సర్దుకుపోవచ్చనుకున్నాను. నాలుగు రోజులు నీ మీద కోపం ఉంటుంది, తర్వాత పోతుంది అనుకున్నాను."

"ఇప్పుడేమైంది?"

"ఇప్పుడు అందరికీ తెలుస్తుంది. ఇక సర్దుకోవడానికి ఏముంది?"

సంచిలోంచి ఫోను తీసింది. మొగుడికి చేసింది.

"క్లాసులో ఉన్నావా? ఒక్క నిమిషం బయటికి రా... లేదు, నేను బాగానే ఉన్నాను. విను. నిరుడు నువ్వు వేరే ఇల్లు చూద్దామంటే, అక్కని వదిలిపెట్టి నేను రానని నీతో దెబ్బలాడాను చూడు... ఆఁ, రెండు రోజులు మాటలు కూడా మానేశాను... అదే. ఇప్పుడు చూడు."

పెద్దకోడలు తలెత్తింది. వేరే ఇంటి మాట నిరుడే వచ్చిందని ఆవిడకు తెలియదు. తనకోసం ఎవరో, తనకు తెలియకుండా, నాలుగు గోడల మధ్య అంతగా దెబ్బలాడారనీ తెలియదు. అవతల మరిది ఏమడుగుతున్నాడో వినబడలేదు.

"చెబుతాలే, ఇంటికొచ్చాక చెబుతా," అంటోంది చిన్నకోడలు. "ముందు నువ్వు చూడటం మొదలుపెట్టు."

అద్దాల తలుపు తెరుచుకుంది. "మీరు రండమ్మా," అన్నాడు మేనేజరు పెద్దకోడలితో.

ఆవిడ లేచింది. గుమ్మం దగ్గర ఆగి, చిన్నది ఫోను పెట్టేసి ఇటు చూస్తుందేమోనని వెనక్కి తిరిగింది. చిన్నకోడలు గోడ వైపు తిరిగి కూర్చుని, ఇల్లు ఎక్కడైనా ఫరవాలేదు గానీ మన వీధిలో మాత్రం వద్దని మొగుడికి చెబుతోంది.